నవల చదివాక నాటకం చూస్తే వెలితి: లోపం ఎక్కడ?

ప్రశ్న (చదువరి)
నచ్చిన నవల నాటకంగా వచ్చిందంటే చూస్తాను. ప్రతిసారీ "పుస్తకమే నయం" అనిపిస్తుంది. నటన బాగోదని కాదు. కథ ఉంటుంది, ముఖ్యపాత్రలుంటాయి, అయినా ఏదో జారిపోయినట్టుంటుంది. అది కత్తిరింపుల వల్లా, లేక కొన్ని పనులు వేదికకే చేతకావా? చూడబోయే ముందు నవల మళ్లీ తిరగెయ్యాలా వద్దా అన్నది కూడా ఎవరైనా చెప్పండి.

జవాబు (తెరవెనక)
ముందు లెక్క చూడండి. లక్ష పదాల ఇంగ్లీషు నవలను పైకి చదివితే పది, పదకొండు గంటలు పడుతుంది. నాటకానికి దొరికేది విరామం పోగా రెండు, రెండుంబావు గంటలు. అందులోనూ రాకపోకలకి, రంగాలు మారడానికి, మౌనాలకి కొంత పోతుంది. అంటే మాటల్లో అయిదో వంతు కూడా మిగలదు.

ఏమీ వదలకూడదనుకుంటే ఏమవుతుందో "గాట్జ్" అనే ప్రదర్శన చూపించింది. యాభై వేల పదాలకు లోపే ఉన్న "ది గ్రేట్ గాట్స్‌బీ"ని అక్షరం పొల్లుపోకుండా వేదిక మీద చదివితే, విరామాలతో కలిపి ఎనిమిది గంటలు తేలింది. చిన్న నవలకే అంత!

కత్తిరింపు కన్నా ఎక్కువ చెరుపు చేసేది పాత్రల్ని కలిపెయ్యడం. నటులు ఎనిమిదిమందే అనుకోండి, నవలలో పాతికమంది ఉంటారు. ఒక మేనత్త కథానాయికకి డబ్బిస్తుంది, పక్కింటి ముసలాయన ఆ ఇంటి రహస్యం చెబుతాడు. ఇద్దర్నీ కలిపేస్తే రహస్యమూ మేనత్తకే తెలుసన్నమాట. ఇక ఆవిడ డబ్బిచ్చింది ప్రేమతోనా, నోరు మూయించడానికా? రచయిత పెట్టని అనుమానం ఒకటి ప్రేక్షకుడిలో పుడుతుంది. కథ "అంతా ఉన్నట్టే" ఉండి రుచి మారిపోవడానికి చాలాసార్లు ఇదే కారణం.

జవాబు (మూడోవరస)
తెరవెనక గారూ, నిడివి లెక్క సరే గానీ అసలు చిక్కు అది కాదంటాను. జారిపోయేది కథ చెప్పే గొంతు.

ఒక్క వాక్యం తీసుకోండి: "ఆయన లేచి వెళ్లిపోతే బాగుండుననుకుంటూనే ఆమె రెండో కప్పు కాఫీ తెచ్చిపెట్టింది." చదివేవాడికి రెండు సెకన్ల పని. వేదిక మీద దీనికి దారులు మూడే. స్వగతంగా చెప్పిస్తే హాల్లో నవ్వులు పడతాయి, రంగం హాస్యమైపోతుంది. ఒక స్నేహితురాలిని సృష్టించి ఆమెతో చెప్పిస్తే, ఎవరికీ చెప్పుకోలేని బాధ కాస్తా కబురైపోతుంది. మూడోది నటనకు వదిలెయ్యడం: కప్పు బల్ల మీద పెట్టాక నటి దాని మీంచి చెయ్యి వెంటనే తియ్యదు. ఇదే మేలైన దారి, కానీ ఇరవయ్యో వరసకి ఆ చెయ్యి కనబడదు. అందుకే నలుగురైదుగురు పాత్రలతో ఇంట్లో నడిచే కథైతే టికెట్ ముందు వరసల్లో తీసుకోండి. గుంపులు, పెద్ద సెట్ ఉంటే మధ్యలో కూర్చోవడమే మంచిది.

కాలం సంగతీ అంతే. "ఆ ఏడాదంతా ప్రతి ఆదివారం వచ్చి గడప దగ్గరే నిలబడేవాడు" అని నవల ఒక్క ముక్కలో చెబుతుంది. వేదిక చూపగలిగేది ఒక్క ఆదివారాన్నే. రెండోసారి చూపిస్తే విసుగు, చూపకపోతే ఆ ఏడాది బరువు రాదు.

అలాగని వేదికకి చేతకాదని కాదు. 1982 నాటి "వార్ హార్స్" నవలలో కథ చెప్పేదే గుర్రం. 2007లో లండన్ నేషనల్ థియేటర్ దాన్ని నాటకం చేసినప్పుడు గుర్రానికి ఒక్క మాటా పెట్టలేదు. నిలువెత్తు తోలుబొమ్మ లాంటి గుర్రాన్ని ముగ్గురు ఆడించారు. చెవుల కదలిక, ఊపిరి, ఉలికిపాటు, ఇవే దాని భాష. "ది వుమన్ ఇన్ బ్లాక్" అనే దయ్యం కథ (నవల 1983, నాటకం 1987) ఇంకో పని చేసింది: కథ చెప్పేవాడు తన కథను ప్రదర్శించడానికి ఒక నటుడి సాయం తీసుకుంటాడు. దయ్యాన్ని మినహాయిస్తే దాదాపు అంతా ఇద్దరితోనే నడుస్తుంది. ఒక పెద్ద బుట్టే గుర్రబ్బండి. రెంటిలోనూ గొంతును వదిలెయ్యలేదు, దానికి బదులు వెతికారు.

ప్రతి రంగానికీ ముందు వ్యాఖ్యాత వచ్చి నవల పేరాలు అప్పజెప్పే పద్ధతి మాత్రం నాకు సుతరామూ గిట్టదు. చదివినట్టూ ఉండదు, చూసినట్టూ ఉండదు.

జవాబు (పుటలమధ్య)
చదువరి గారి రెండో ప్రశ్నకి: నాటకానికి ముందు వారంలో నవల తిరగెయ్యకండి. వాక్యాలు చెవిలో తాజాగా ఉంటే నాటకం చూడరు, హాజరు పట్టీ వేస్తారు. అసలు చదవని నవలైతే మాత్రం ముందు పుస్తకమే చదవండి. నాటకం ముందు చూస్తే ఆ నటుడి మొహం, గొంతు పేజీ మీద అతుక్కుపోతాయి, మళ్లీ ఊడిరావు. ఒక్క మినహాయింపు: తరాలు, చుట్టరికాలతో మొదటి యాభై పేజీలూ గజిబిజిగా ఉండే లావు నవల. అక్కడ నాటకం ముందు చూస్తే పేర్లు పట్టుబడతాయి.

ఏ నవల వేదిక మీద నిలుస్తుందో ముందే పసిగట్టవచ్చు. మధ్యలోంచి ఒక అధ్యాయం తీసి పెన్సిల్‌తో మూడు రకాల గీతలు పెట్టండి: పైకి అన్న మాటలకి ఒకటి, కంటికి కనబడే పనులకి ఒకటి, మిగతా అంతటికీ ఇంకొకటి. మూడోది సగం దాటిందంటే నాటకంలో మీకు వెలితి తప్పదు. మొదటి అధ్యాయంతో ఈ పని చెయ్యకండి, ఎక్కడైనా అందులో వర్ణన ఎక్కువే ఉంటుంది.

చదువరి
పాత్రల్ని కలపడం అన్నది నేను ఊహించలేదు. అది చూసేటప్పుడే పట్టుకోవడమెలా?

తెరవెనక
కరపత్రంలో పాత్రల జాబితా చూడండి. ఒకే నటుడికి రెండు, మూడు పాత్రలుంటే ఫరవాలేదు, వేషమే మారుతుంది. నవలలోని పేరు జాబితాలో అసలు లేకపోతే ఆ మనిషి చేసిన పని ఎవరికి అప్పగించారో గమనించండి. సాధారణంగా కథానాయకుడి స్నేహితుడికో, ఇంటి పనివాడికో పోతుంది. నాటక ప్రతి అచ్చయి ఉంటే ఇంకా తేలిక, ఆ మనిషి వచ్చే అధ్యాయాన్ని దాంతో పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.