మనసు గమ్మునున్న రోజు విచారణ ఎట్ల చేసేది?

అలిపిరి నడక: అన్నా, తిరుపతిలో ఉంటా, ఆర్నెల్లుగా పొద్దున్నే కపిలతీర్థం కాడ అరగంట కూర్చోని రమణ మహర్షి చెప్పిన "నేనెవరు" విచారణ, అంటే వచ్చిన ఆలోచన ఎవరికొచ్చిందని లోపల చూసుకునే ధ్యానం, చేస్తా ఉండా. కొన్ని దినాలు బుర్ర సంతే, ఆఫీసు, ఈఎంఐ, పక్కింటోళ్ళ బోరు మోటారు అన్నీ వస్తాయి. కొన్ని దినాలు ఆలోచనే లేకుండా గమ్మున ఉంటాది, అప్పుడు "ఇది ఎవరికొచ్చింది" అని అడగడానికి ఏమీ లేదు కదా, అడిగితే ఉన్న ప్రశాంతత చెడిపోతాదని భయం. ఏం చేసేది?

చిత్తూరోడు: సంత దినమే సులువు తమ్ముడూ. ఆలోచనని తరమొద్దు, దాని ఎంటబడి పోవద్దు, ఎవరికొచ్చింది అని చూస్తే నాకు అని తెలుస్తాది, ఆ నేను ఎవరని లోపలికి తిరుగు. 1902 ప్రాంతంలో శివప్రకాశం పిళ్ళై అనే భక్తుడు అడిగితే రమణ మహర్షి చెప్పింది ఇదే, ఎన్ని వస్తే అన్నిసార్లు. "నేనెవరు నేనెవరు" అని జపం మాత్రం చేయొద్దు, నేను రెండేళ్ళు అదే చేసినా, దండగ.

గిరివలం: అడిగింది గమ్మునుండే దినం గురించి కదా! రమణులు రాసిన ఉపదేశసారంలో మనసు అణగడం రెండు రకాలన్నారు, లయం, నాశం. లయమైతే మళ్ళీ లేస్తాది, ప్రాణాయామంతో వచ్చేదీ అంతే; నాశమైతే ఇంక లేవదు. మాటల్లో అడగబళ్ళేదు, ఈ ప్రశాంతత ఎవరికి తెలుస్తా ఉందో ఆ వైపు మళ్ళితే చాలు. ప్రశ్న పోయినా పర్లేదు, మెలకువ పోకూడదు. నువ్వు మేలుకోనే ఉండావా, కునుకా?

అలిపిరి నడక: నిజం చెప్పాలంటే కునుకే అన్నా, నిన్న ఎవరో పెద్దాయన తట్టి లేపినాడు.