అప్‌డేట్: కొత్త యాంప్లిఫయర్‌లో మోత పోయింది, కారణం కేబుల్ టీవీ వైరు

పోయిన నెల నేను అడిగింది ఇదీ: కొత్తగా స్టీరియో యాంప్లిఫయర్, బుక్‌షెల్ఫ్ స్పీకర్లు కొన్నాను. టీవీని ఆర్‌సీఏ కేబుల్‌తో (ఎరుపు, తెలుపు పిన్నులుండే మామూలు ఆడియో వైరు) కలిపాక, ఏ శబ్దమూ లేనప్పుడు కూడా చిన్నగా 'మ్‌మ్' అని మోత. కొత్త వస్తువే పాడైందేమోనని చాలా టెన్షన్ పడ్డాను.

ఒక్కో వైరూ తీసి చూడమన్న వారికి చాలా థాంక్స్. సెట్‌టాప్ బాక్స్ వెనకున్న కేబుల్ వైరు మర విప్పగానే మోత టక్కున ఆగిపోయింది! మళ్లీ బిగిస్తే మళ్లీ వచ్చింది. ఎలక్ట్రీషియన్ వచ్చి మా ఇంటి ఎర్తింగ్ బాగానే ఉందన్నారు. కేబుల్ లైనుకు ఎర్త్ ఒకచోట, మా ప్లగ్గుకు ఇంకోచోట. రెంటి మధ్య ఉన్న కొద్దిపాటి ఓల్టేజీ తేడా వల్ల ఆర్‌సీఏ కేబుల్‌లోని లోహపు పైపొర గుండా కరెంటు పారుతోంది. కరెంటుది 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 ఆవృత్తాలే, కాబట్టి మోత అంత మంద్రంగా ఉంది.

ఆర్‌సీఏ తీసేసి ఆప్టికల్ కేబుల్ పెట్టాను. అందులో వెళ్లేది కాంతి, టీవీకీ యాంప్లిఫయర్‌కీ మధ్య కరెంటు పారేందుకు లోహపు దారి ఉండదు. సమస్య అక్కడితో తీరింది.

స్పీకర్ల జాగా మార్చడం, స్టెబిలైజర్, ఖరీదైన స్పీకర్ వైరు, వీటితో ఏ తేడా రాలేదు. ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేయమని ఒకరు చెప్పారు. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి, షాక్ కొడితే ప్రాణం పోతుంది.

నిన్న రాత్రి వీణ కచేరీ విన్నాను. తీగ మీద నాదం పూర్తిగా ఆరిపోయేదాకా వినిపించింది.