ద్రవ్యలోటు సున్నా రావాలి కదా? పరీక్ష ఆన్సర్ కీలో 270 ఉంది. ఎవరైనా చెప్పండి ప్లీజ్

గ్రూప్2_మళ్లీ: మధ్యాహ్నం నుంచి ఈ ఒక్క లెక్క దగ్గరే కూర్చున్నాను, తల వేడెక్కిపోయింది. రెవెన్యూ రాబడి 500, మూలధన రాబడి 300. రెవెన్యూ వ్యయం 620, మూలధన వ్యయం 180. అన్నీ కోట్లలో. వచ్చింది 800, ఖర్చు 800. ద్రవ్యలోటు సున్నా. కీలో మాత్రం 270 అంటున్నారు. ఆ 270 ఎక్కడి నుంచి ఊడిపడింది? అభ్యంతరం పెట్టాలంటే ఈ రాత్రి వరకే టైం.

లెక్కల_పిచ్చి: మూలధన రాబడిలో అప్పు ఎంత?

గ్రూప్2_మళ్లీ: మూలధన రాబడి 300 బ్రో. పైన రాశాను కదా.

లెక్కల_పిచ్చి: చూశాను. ఆ 300ని విడగొట్టి ఇచ్చి ఉంటారు. అది పెట్టు.

పాత_ఖజానా: బాబూ, నీ సున్నా ఊరికే రాలేదు. ఒకప్పుడు బడ్జెట్ లోటు అని ఉండేది. అప్పులతో సహా మొత్తం రాబడిని మొత్తం వ్యయంలోంచి తీసేస్తే మిగిలేది అదే. కేంద్రం అడ్‌హాక్ ట్రెజరీ బిల్లులు, అంటే స్వల్పకాలిక అప్పు పత్రాలు, రిజర్వు బ్యాంకుకిచ్చి ఆ లోటు పూడ్చుకునేది. ఈ కొలత చాలదని 1985లోనే సుఖమయ్ చక్రవర్తి కమిటీ చెప్పింది. 1997 ఏప్రిల్‌లో అడ్‌హాక్‌లు ఆపేసి, రిజర్వు బ్యాంకు ప్రభుత్వానికిచ్చే చేబదులు లాంటి వేస్ అండ్ మీన్స్ అడ్వాన్సులు పెట్టారు. ఇప్పుడు పేపర్లవాళ్లు వేస్ అండ్ మీన్స్ వాడుకోవడమే నేరమన్నట్టు రాస్తున్నారు. అది తాత్కాలిక సర్దుబాటు నాయనా. కేంద్రమైతే 90 రోజుల్లో తీర్చేయాలి. పరిమితి దాటితే అది ఓవర్‌డ్రాఫ్ట్. ఈ రెంటికీ తేడా తెలియకుండానే ఎడిటోరియల్స్ రాసేస్తున్నారు.

గ్రూప్2_మళ్లీ: సార్ నమస్తే. బాగా చెప్పారు. మరి 270 సంగతి?

టీ_బ్రేక్: 270 అప్పు అయ్యుంటుంది. తీసెయ్.

గ్రూప్2_మళ్లీ: ఎందుకు తీయాలి? అప్పు కూడా మూలధన రాబడే కదా. పుస్తకంలో మొదట రాసిందే అది.

లెక్కల_పిచ్చి: రాబడే, కాదనలేదు. కానీ ఖర్చు గడవడానికి ఎంత అప్పు కావాలో చెప్పేదే ద్రవ్యలోటు. అప్పునే రాబడిలో కలిపేస్తే ఏ ప్రభుత్వానికైనా సున్నాయే వస్తుంది. మొత్తం వ్యయంలోంచి రెవెన్యూ రాబడీ, అప్పు కాని మూలధన రాబడీ మాత్రమే తీయాలి. అప్పు కానివి అంటే ముఖ్యంగా ఇచ్చిన రుణాల వసూళ్లు, పెట్టుబడుల ఉపసంహరణ. ప్రశ్న మొత్తం పెట్టు, ఇంక అడగను.

గ్రూప్2_మళ్లీ: సరే. 300లో మార్కెట్ రుణాలు 230, చిన్న పొదుపులు 40, రుణ వసూళ్లు 10, వాటాల అమ్మకం 20. వడ్డీ చెల్లింపులు 120. మూలధన ఆస్తుల కోసం రాష్ట్రాలకు గ్రాంట్లు 40. ఇవి కింద వచ్చే ప్రశ్నలకేమో అనుకున్నా.

లెక్కల_పిచ్చి: అప్పు కానివి 10 + 20 = 30, రెవెన్యూ రాబడి 500తో కలిపి 530. 800 − 530 = 270. కీ కరెక్టే.

రాష్ట్రం_అప్పులు: ఈ 270 పరీక్ష హాల్లో మాత్రమే కరెక్ట్. కార్పొరేషన్ల పేరుతో తెచ్చి బడ్జెట్ నుంచి తీర్చే అప్పుల మాటేంటి? అవి లోటులో కనబడవు. అందుకే 2022లో కేంద్రం వాటిని కూడా రాష్ట్రాల రుణ పరిమితిలో లెక్కేస్తామంది. కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం కొత్త అప్పు తేవాలంటే రాజ్యాంగంలోని 293(3) ప్రకారం కేంద్రం అనుమతి కావాలి. రెండు తెలుగు రాష్ట్రాలకూ తగిలిన దెబ్బే ఇది. ముందు ఇది చదవండి.

టీ_బ్రేక్: అడిగింది అది కాదు.

రాష్ట్రం_అప్పులు: సిలబస్‌లో రాష్ట్ర ఆర్థిక వ్యవస్థ లేదా?

గ్రూప్2_మళ్లీ: ఇంకోటి. వాటాలు అమ్మినా డివిడెండ్ తీసుకున్నా కంపెనీ నుంచి వచ్చే డబ్బే కదా. ఒకటి మూలధనం, ఇంకోటి రెవెన్యూ ఎలా?

ఎకనామిక్స్_అక్క: తమ్ముడూ, పొలం కౌలు డబ్బు వేరు, పొలం అమ్మిన డబ్బు వేరు. ఎల్ఐసీనే చూడు. 2022 మేలో కేంద్రం 3.5 శాతం వాటా అమ్మింది. ఆస్తి తగ్గింది కాబట్టి అది మూలధన రాబడి, కానీ అప్పు కాదు. ఎల్ఐసీ ఏటా ఇచ్చే డివిడెండ్‌కి ఆస్తి తగ్గదు, బాధ్యత పెరగదు. అది పన్నేతర రెవెన్యూ. 2024 మేలో రిజర్వు బ్యాంకు ప్రకటించిన సుమారు 2.11 లక్షల కోట్ల మిగులు కూడా ఇందులోకే వస్తుంది. రాష్ట్రానికిచ్చిన రుణంలో అసలు తిరిగొస్తే మూలధనం, వడ్డీ వస్తే రెవెన్యూ. పరీక్షల్లో పట్టుకునేది ఇక్కడే.

కోశం_అనాలి: అందరూ ద్రవ్యలోటు అని రాస్తున్నారు. కోశ లోటు అనండి. ద్రవ్య విధానం రిజర్వు బ్యాంకు పని, కోశ విధానం ప్రభుత్వం పని. రెండూ కలిపేయకండి.

టీ_బ్రేక్: పేపర్లన్నీ ద్రవ్యలోటు అనే రాస్తాయి.

కోశం_అనాలి: పేపర్లు రాస్తే ఒప్పైపోతుందా?

ఎకనామిక్స్_అక్క: ప్రశ్నపత్రంలో పక్కనే ఇంగ్లీషులోనూ ఉంటుంది. అందులో ఫిస్కల్ అని ఉందో లేదో చూసుకోండి, చాలు.

గ్రూప్2_మళ్లీ: ప్రాథమిక లోటు 150 వచ్చింది. రెవెన్యూ లోటు 620 − 500 = 120. 270లోంచి 120 తీసేశా. కీలో కూడా 150. ఇది ఓకే కదా?

లెక్కల_పిచ్చి: జవాబు ఓకే, దారి తప్పు. ప్రాథమిక లోటంటే ద్రవ్యలోటులోంచి తీయాల్సింది వడ్డీని. ఈ ప్రశ్నలో వడ్డీ, రెవెన్యూ లోటు రెండూ 120 అయి కూర్చున్నాయి. వచ్చే ప్రశ్నలో ఇలా కలిసిరావు. 2025-26 కేంద్ర బడ్జెట్ అంచనాలు చూడు. ద్రవ్యలోటు 15.69 లక్షల కోట్లు, వడ్డీలు 12.76. ప్రాథమిక లోటు 2.93. రెవెన్యూ లోటేమో 5.24. నీ పద్ధతిలో చేస్తే 10.45 వస్తుంది.

గ్రూప్2_మళ్లీ: అమ్మో. మరి గ్రాంట్ల 40 ఎక్కడ వాడాలి?

ఎకనామిక్స్_అక్క: ప్రభావ రెవెన్యూ లోటుకి. 120 − 40 = 80. కేంద్రం లెక్కల్లో ఆ గ్రాంటు రెవెన్యూ వ్యయమే, రాష్ట్రంలో దాంతో రోడ్డో స్కూలో కడతారు. 2011-12 బడ్జెట్‌లో తెచ్చారు దీన్ని. ఖర్చును చిన్నగా చూపే ఉపాయమని విమర్శ కూడా ఉంది, నాకూ కొంత అలాగే అనిపిస్తుంది. పరీక్షకి మాత్రం సూత్రం చాలు.

గ్రూప్2_మళ్లీ: వచ్చేసింది. అభ్యంతరం పెట్టట్లేదు. థాంక్స్ అందరికీ, అన్నానికి పిలుస్తున్నారు.

కోశం_అనాలి: కోశ లోటు అని రాసుకో.

పాత_ఖజానా: చిన్న పొదుపుల 40 గురించి ఎవరూ పట్టించుకోలేదేం? ఆ డబ్బు 1999 నుంచి జాతీయ చిన్న పొదుపుల నిధిలోకి పోతుంది. ఆ నిధి ఉండేది ప్రభుత్వ రాబడీ అప్పులూ చేరే సంఘటిత నిధిలో కాదు, జనం సొమ్మును ప్రభుత్వం దాచిపెట్టే పబ్లిక్ అకౌంట్‌లో. ప్రభుత్వం దానికి సెక్యూరిటీలిచ్చి అందులోంచి అప్పు తీసుకుంటుంది. ప్రశ్న తయారుచేసినవాళ్లు ఇదంతా చూసుకునే రాశారంటారా?