ఊరి పక్కనే ఒక్క రాత్రి టెంట్ వేయడం: పడే శ్రమకు తగినదేనా?

ఆకుపచ్చదారి:
వారాంతంలో ఇంటికి గంట దూరంలో టెంట్ వేసి రావడం నాకెందుకో నచ్చదు. శనివారం మధ్యాహ్నం బయల్దేరి, టెంట్ వేసి, వండుకునేసరికే చీకటి పడుతుంది. పొద్దున లేస్తే మళ్లీ సర్దుడే. ఊరి దీపాల వెలుగుకి చుక్కలు కూడా సరిగ్గా కనపడవు. అదే సామాను మోసుకుని, మూడు రోజుల సెలవు దొరికినప్పుడు కొండల్లోకి వెళ్తే ఎంత బాగుంటుంది! మీరేమంటారు?

తడినేల:
మూడు రోజుల సెలవు కోసం చూస్తూ కూర్చుంటే చాలామందికి ఏడాదంతా గడిచిపోతుందండీ. అది అలా ఉంచితే, టెంట్‌లో పడుకోవడం కూడా నేర్చుకోవాల్సిన పనే. పిల్లలతో, సాయం దొరకని చోట దాన్ని మొదలుపెట్టడం నాకు సరికాదనిపిస్తుంది.

చలి సంగతే చూడండి. కొత్తవాళ్లు కప్పుకోవడానికి మందపాటి దుప్పట్లు తెచ్చుకుంటారు, కింద మాత్రం పల్చటి గుడ్డ పరుస్తారు. ఒంట్లో వేడిని లాగేసేది నేల. స్లీపింగ్ బ్యాగ్ ఉన్నా, మన బరువుకి దాని అడుగు భాగం నలిగిపోయి వేడిని ఆపలేదు. కింద ఫోమ్ మ్యాట్ ఉండి తీరాలి. ఇది చదివి తెలుసుకోవడం వేరు, అర్ధరాత్రి నడుం కింద జిల్లుమన్నప్పుడు తెలియడం వేరు. ఇల్లు దగ్గరైతే సర్దుకుని వచ్చేయొచ్చు. కొండ మీదైతే తెల్లారేదాకా వణకాల్సిందే. పైగా ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది.

తేమ కూడా అంతే. పొద్దున లోపలి గుడ్డ తడిగా ఉంటే టెంట్ కారిందనుకుంటారు. చాలాసార్లు అది మన ఊపిరిలోని ఆవిరే. చలికి భయపడి అన్నీ మూసేస్తే ఇంకా ఎక్కువవుతుంది, పైన కాస్త గాలి ఆడనివ్వాలి. కింద పరిచే పట్టా టెంట్ అంచు దాటి బయటికి వస్తే వాన నీళ్లు దాని మీద పడి టెంట్ కిందికే చేరతాయి. అంచులు లోపలికి మడవండి.

వెన్నెలబాట:
తడినేల గారి మాట నిజమే. కానీ ‘దగ్గరే కదా’ అన్న ధీమా అంటేనే నాకు టెన్షన్. చలేస్తోందని స్టవ్‌నో బొగ్గుల కుంపటినో టెంట్ లోపలికి తెచ్చుకుంటారు. దయచేసి ఆ పని ఎప్పుడూ చేయకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఆరిపోతున్నట్టు కనపడే బొగ్గుల నుంచి కూడా వస్తుంది. ఎండుకొమ్మల కింద, ఎండిన వాగులో టెంట్ వేయకండి. ఎగువన ఎక్కడో వాన పడినా వాగు పొంగుతుంది.

ఆకుపచ్చదారి:
నేర్చుకోవడానికి మంచిదంటే ఒప్పుకుంటాను. మరి ఊరికి దగ్గర చోట్లకు ప్రతి వారం జనం వస్తుంటే ఆ నేల తేరుకునేదెప్పుడు? గడ్డి చచ్చిపోతోంది, ఎక్కడ చూసినా పొయ్యి మచ్చలే.

తడినేల:
ఈ బాధ నాకూ ఉంది. అందుకే అప్పటికే గడ్డి పోయిన జాగాలోనే టెంట్ వేయాలంటాను, పక్కన కొత్తది తెరవకూడదు. చెరువుకైనా వాగుకైనా 60 మీటర్ల దూరం ఉండాలి. మరుగుదొడ్డి లేకపోతే నీటికి అంతే దూరంలో 15-20 సెంటీమీటర్ల లోతు గుంట తీసి, తర్వాత పూడ్చాలి. మంట అసలు వద్దు, వంటకి చిన్న గ్యాస్ స్టవ్ చాలు. స్థలం ఎవరిదో కనుక్కుని, అనుమతి తీసుకున్నాకే వెళ్లాలి. ఒక్క రాత్రికి ఇదంతా ఎక్కువ అనుకునేవాళ్లు పెరట్లోనే వేసుకోవచ్చు. చలి, తేమ అక్కడా తెలుస్తాయి.