బిగుసుకుపోయే భుజాలను వదులు చేయడం ఎలా?

నేను నాలుగేళ్లుగా కరాటే సాధన చేస్తూ, ఆరు నెలల కిందట జూడోలో కూడా చేరాను. దెబ్బకు చేయి అడ్డం పెట్టి బలాన్ని బలంతోనే ఆపడం ఎంతగా అలవాటైపోయిందంటే, ప్రత్యర్థి నా కాలరు పట్టుకుని నెట్టగానే భుజాలు వాటంతటవే బిగుసుకుపోతున్నాయి; ఆ బిగువునే ఆసరాగా చేసుకుని అతను నన్ను సులువుగా పడగొడుతున్నాడు. నెట్టినప్పుడు ఎదిరించకుండా ఒదిగి, అతని ఊపుతోనే అతని తూకం తప్పించాలన్న జూడో సూత్రం నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన ఒళ్లు మాట వింటుందా!

ఈ రెండు పద్ధతులూ ఒకే శరీరంలో ఇమడవని మాత్రం నేను అనుకోవడం లేదు. చోజున్ మియాగి స్థాపించిన గోజు-ర్యూ కరాటే పేరులోనే 'గో' అంటే కఠినం, 'జు' అంటే మృదువు. ఒళ్లంతా బిగించి చేసే సాంచిన్, అరచేతులు గుండ్రంగా తిప్పుతూ చేసే టెన్షో అనే కటాలు (వరుస కదలికల సాధనలు) రెండూ అందులో ఉన్నాయి.

రెండు మార్గాలలోనూ అనుభవమున్నవారు దయచేసి చెప్పండి: బిగువును ఏ క్షణంలో వదలాలో మీకు ఎలా పట్టుబడింది? కొంతకాలం కరాటే ఆపడం అవసరమా, లేక స్పర్శతోనే ఎదుటివారి బలాన్ని పసిగట్టడం నేర్పే తైచీ (చైనా యుద్ధకళ) జంట సాధనను దీనికి జోడిస్తే సరిపోతుందా?