అనంతం దాకా సాగే సమాకలనుల్లో దేనితో పోల్చాలో ఎలా తెలుస్తుంది?

అందరికీ నమస్కారం. బీఎస్సీ గణితం చదువుతున్నాను. ఇంటర్ రెండో ఏడాదిలో ప్రతిక్షేపణ, విభాగ సమాకలనం, పాక్షిక భిన్నాలు బాగానే వంటబట్టాయి. ఎంసెట్ పుణ్యమా అని చేయి కూడా వేగంగానే నడుస్తుంది. తీరా ఇప్పుడు జవాబు కట్టమని అడగడం లేదు, సమాకలని అభిసరిస్తుందో (పరిమిత విలువకు చేరుతుందో) అపసరిస్తుందో (చేరదో) పోలిక పరీక్షతో, అంటే తెలిసిన మరో ప్రమేయంతో పోల్చి, నిరూపించమంటున్నారు.

1 నుంచి అనంతం వరకు ‘ఇ ఘాతం మైనస్ ఎక్స్ వర్గం’ అర్థమైంది. ఆ అవధుల్లో అది ‘ఇ ఘాతం మైనస్ ఎక్స్’ను మించదు, దాని సమాకలని 1/ఇ, కాబట్టి అభిసరిస్తుంది. ముచ్చటగా ఉంది.

చిక్కల్లా అవే అవధుల్లో 1/(ఎక్స్ + వర్గమూలం ఎక్స్) దగ్గర. ఇది 1/ఎక్స్ కన్నా చిన్నది, 1/ఎక్స్ ఏమో అపసరిస్తుంది. అపసరించే దానికన్నా చిన్నదంటే ఏమీ తేలదు కదా! పుస్తకం మాత్రం హారం 2ఎక్స్‌ను మించదు కనుక 1/(2ఎక్స్)తో పోల్చి, అపసరిస్తుందని ఒక్క వాక్యంలో తేల్చేసింది. నిరూపణ చదివితే తప్పు పట్టడానికేమీ లేదు. కానీ ఆ 2 ఎక్కడి నుంచి ఊడిపడింది?

నిష్పత్తికి అవధి కట్టే పరీక్షతో ఇది సులువుగా వస్తుందని తెలుసు, మా అధ్యాపకులు ప్రస్తుతానికి దాన్ని వాడనివ్వరు. ఏ పదం పెద్దదో చూసి, అసమానతను కావలసిన దిక్కుకు తిప్పుకోవడానికి మీరు మనసులో ఏ క్రమంలో ఆలోచిస్తారు? సైన్, లాగరిథమ్ కలిసినప్పుడు మరీ తికమక. ఒకటి రెండు ఉదాహరణలతో చెబితే మేలు చేసినవారవుతారు.