చేతిలో ఫోనుంటే పల్లెకు సొంత రేడియో ఎందుకు?

పొలంగట్టు:
ఊరివాళ్లే నడుపుకునే కమ్యూనిటీ రేడియోలకు ప్రభుత్వం ఇంకా డబ్బులివ్వాలని చాలామంది అంటున్నారు. నాకది దండగ ఖర్చు అనిపిస్తుంది. మా ఊళ్లో మిరపకు నల్ల తామర పురుగు తగిలితే రైతు ఆకు ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడతాడు. కాసేపట్లో నలుగురు మందు పేరు చెబుతారు (అందులో ఇద్దరు పురుగుమందుల కొట్టువాళ్లే అనుకోండి, అది వేరే సంగతి). పదిహేను కిలోమీటర్లు కూడా సరిగ్గా వినపడని ఎఫ్ఎంతో ఈ రోజుల్లో ఎవరి బతుకు బాగుపడుతుంది?

మంజీర:
అన్నా, ఆ ఫోను ఇంట్లో ఎవరి చేతిలో ఉంటుందో కూడా చూడాలి కదా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన సొంతంగా వాడుకునే ఫోను ఉన్న ఆడవాళ్లు ఆంధ్రలో సగం కూడా లేరు. తెలంగాణలో 60 శాతం.

మాది జహీరాబాద్ వైపు. మాచునూర్‌లో సంఘం రేడియో ఉంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల ఆడవాళ్లు పెట్టుకున్నది, ఎక్కువమంది దళితులే. యునెస్కో సాయంతో 90ల చివర్లోనే స్టూడియో తయారైంది. లైసెన్సే రాలేదు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చినా, 2002లో విద్యాసంస్థలకు మాత్రమే అనుమతిచ్చారు. స్వచ్ఛంద సంస్థల వంతు 2006లో వచ్చింది. మావాళ్లు ప్రసారం మొదలుపెట్టింది 2008 అక్టోబర్ 15న. అప్పటిదాకా ఖాళీగా కూర్చోలేదు. కార్యక్రమాలు రికార్డు చేసి సంఘం మీటింగుల్లో పెట్టుకుని విన్నారు.

అందులో ఏం వస్తుందంటారా? గింజలకు పురుగు పట్టకుండా ఎట్ల దాచాలి, జొన్నలో ఏయే పంటలు కలిపి వేయాలి, బతుకమ్మ పాటలు. మాట్లాడేది మన వదినెలు మాట్లాడే తెలుగే. యూట్యూబ్ పెద్దమనిషికి సాళ్లల్ల కందులు వేసే సంగతి తెలుస్తదా?

తెలుగు శ్రోత:
ఇద్దరూ పరికరం గురించే వాదిస్తున్నారు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు సైట్ అని ఒక ప్రయోగం జరిగింది. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా ఇస్రో ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ చూపించింది. మన రాష్ట్రం కూడా అందులో ఉంది, కార్యక్రమాలు తెలుగులోనూ వచ్చేవి. వ్యవసాయం, ఆరోగ్యం, పిల్లలకు పాఠాలు. ఏడాది కాగానే ఉపగ్రహాన్ని వెనక్కి తీసుకున్నారు. ఊరిది కానిది ఊళ్లో నిలవదు.

పెన్నా ఒడ్డు:
మాది నెల్లూరు జిల్లా. మాకు రేడియోతోనూ ఫోనుతోనూ పని పడలేదండీ. అక్షరాస్యత ఉద్యమంలో ఇచ్చిన వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది, ఊరి ఆడవాళ్లు ఏకమై సారా కొట్టు మూయించిన కథ. దూబగుంట ఆడవాళ్లు రాత్రిబడిలో చదివి ఊరుకోలేదు, నిజంగానే సారా అడ్డుకున్నారు. అక్కడి నుంచి 1992లో ఉద్యమం జిల్లా అంతా పాకింది. రాష్ట్రమంతా వ్యాపించడానికి పత్రికలు, ముఖ్యంగా ఈనాడు, చాలా సాయం చేశాయి. 1993 అక్టోబర్‌లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం. 1997లో దాన్ని ఎత్తేశారు, ఆ ఏడుపు వేరు. పాఠం రాసినది సర్కారు కార్యక్రమమే, సారాకు వేలంపాటలు పెట్టిందీ సర్కారే. చదువు చెప్పిన చేతికే చురక తగిలింది.

పొలంగట్టు:
పెన్నా ఒడ్డు గారు చెప్పింది నా మాటకే బలం. అక్కడ పనిచేసింది పాఠం, పదిమంది కలిసి కూర్చోవడం. స్టేషన్, టవర్, జీతాలు అక్కర్లేదు కదా. మంజీర గారూ, మీ ఆడవాళ్లకు సంఘాలు ముందు నుంచీ ఉన్నాయి, రేడియో తర్వాత వచ్చింది. సంఘం లేని ఊళ్లో టవర్ నిలబెడితే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

మంజీర:
సంఘం లేని ఊళ్లో వాట్సాప్ గ్రూపు మాత్రం ఏం చేస్తుంది? కొట్టువాళ్ల మందు అమ్ముతుంది, మీరే చెప్పారు. సంఘం ముందు రావాలన్నది నేనూ ఒప్పుకుంటా. కానీ డబ్బులు ఆపితే పోయేది సంఘాలున్న ఊళ్ల రేడియోలే.

ఇంకోటి. కమ్యూనిటీ రేడియో సొంతంగా వార్తలు చెప్పకూడదు, ఆకాశవాణి వార్తలు ఉన్నవి ఉన్నట్టు వేయడానికే అనుమతి. మార్కెట్ ధర చెప్పొచ్చు గానీ, ఆ ధర ఎందుకు పడిందని పక్క ఊరి మీటింగులో జరిగిన గొడవను వార్తగా చెప్పరాదు. ఎంత చిన్న వాట్సాప్ గ్రూపుకైనా లేని ఆంక్ష ఇది. ఖర్చు దండగ అనేవాళ్లు ముందు దీని మీద మాట్లాడండి, తర్వాత టవర్ లెక్కలు తీద్దాం.